కళ్లం మంట: మా ఇంటి కథలో ఒక దిద్దుబాటు

రెండేళ్ల కింద సంక్రాంతికి మా తాత గురించి ఒక మాట రాశాం. "మార్గశిరం, పుష్యం రెండు నెలలూ తాత రాత్రంతా కళ్లంలోనే ఉండేవాడు, చలిమంట వేసుకుని రాగి వామికి కాపలా కాసేవాడు" అని. చదివిన బంధువులందరికీ నచ్చింది. మా మేనత్తలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆ మాట తప్పు. మంట నిజం, వామి నిజం, చలి నిజం. రాత్రంతా అక్కడ ఉన్నది మాత్రం మా తాత కాదు. ఎవరు ఉన్నారు, మాకు ఎట్లా తెలిసింది అనేది ఈసారి రాస్తున్నాం. దానికి ముందు ఆ మంట అసలు ఎందుకు వేసేవాళ్లో చెప్పాలి. మేము కూడా చాలా ఏళ్లు దాన్ని సరదా మంట అనే అనుకున్నాం.

మా ఊరి చలి

మాది కోలారు జిల్లా, శ్రీనివాసపురం తాలూకా. మామిడి పండ్లకు పేరున్న సీమ. తూర్పుకు పోతే పుంగనూరు, మదనపల్లి వస్తాయి. మధ్యలో రాష్ట్రం మారుతుంది, మాట మారదు. మేము, అంటే అన్నదమ్ముల పిల్లలం అందరం, కన్నడ మీడియంలో చదివాం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. మా రాతలో కన్నడ వాసన తగిలితే సర్దుకోండి.

కోలారు పీఠభూమి సముద్రమట్టానికి ఇంచుమించు 800 మీటర్ల ఎత్తున ఉంది. ఈశాన్య వానలు డిసెంబరు నడిమికల్లా వెనక్కి తగ్గుతాయి. ఆకాశం తేటపడుతుంది. పగలంతా నేల తాగిన వేడి రాత్రి పైకి వెళ్లిపోతుంది, పట్టి ఆపడానికి మబ్బు ఉండదు. అందుకే మధ్యాహ్నం చొక్కా విప్పేంత ఎండ కాసిన రోజునే తెల్లారుజామున పళ్లు టకటక కొట్టుకునే చలి. పక్కనున్న బెంగళూరులో ఇంతవరకూ లెక్కకెక్కిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న. ఉత్తరాది వాళ్లకు ఇది పెద్ద చలి కాకపోవచ్చు. కానీ ఒక నూలు పంచె, ఒక కంబళి మాత్రమే ఉన్న మనిషి ఆరుబయట తెల్లవార్లూ కూర్చోవాలంటే పన్నెండు డిగ్రీలు చాలు, ఎముకలు కొరకడానికి.

ఆరుబయట మంట మన చుట్టూ ఉన్న గాలిని వెచ్చగా చేయలేదు. వేడెక్కిన గాలి నేరుగా పైకి పోతుంది, దాని చోటికి చల్లగాలి వస్తుంది. మనకు తగిలేది మంట నుంచి, నిప్పుల నుంచి సూటిగా వచ్చే సెగ ఒక్కటే. అది ముందువైపే తగులుతుంది. మోకాళ్లు కాలుతుంటే వీపు గడ్డకడుతుంది. అందుకే వీపు మీద కంబళి, ముందర మంట. కంబళిని తలమీదుగా కొప్పె వేసుకుని కూర్చుంటే వెనక చలిని కంబళి ఆపుతుంది, ముందర చలిని మంట ఆపుతుంది. రెంటిలో ఏది లేకపోయినా తెల్లారదు. ఈ కంబళి మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రాగి ఇంటికి చేరే దారి

మా వైపు మెట్ట రాగిని వాన చూసుకుని జులై, ఆగస్టుల్లో వేస్తారు. నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. కోసిన రాగిని వెంటనే నూర్చరు. చేన్లో ఆరబెట్టి, కట్టలు కట్టి, కళ్లం పక్కన వామి వేస్తారు. వెన్నులు లోపలికి, కాడలు బయటికి ఉండేట్టు పేర్చుతారు. పేర్చడం తెలిసినవాడు వేసిన వామిలోకి వాన చుక్క దిగదు. కళ్లాన్ని చదును చేసి, పేడనీళ్లతో అలికి, ఎండబెట్టి, ఆ తర్వాత ఎద్దులకు గుండు కట్టి తోలతారు. ఆ రాతిగుండును బడిలో మాకు రోణగల్లు అని చెప్పారు. నూర్చిన తర్వాత గాలి చూసుకుని తూర్పారబట్టాలి. గాలి లేకపోతే గింజ, పొట్టు కలిసి కుప్పగా పడి ఉండాల్సిందే, ఒకరోజైనా నాలుగురోజులైనా.

అంటే కోత నాటినుంచి గింజ ఇంట్లో పాతరలోకి దిగేదాకా నెల, నెలన్నర, ఒక్కో ఏడు రెండు నెలలు, ఇంటిల్లిపాదీ తినాల్సిన సంవత్సరపు తిండి ఆరుబయట పడి ఉండేది. గోడ లేదు, తలుపు లేదు. ఊర్లో పశువులు, గుట్టమీది అడవిపందులు, చేతివాటం మనుషులు. ఆ రెండు నెలలే చలి నెలలు కూడా. చలిమంట కళ్లంలో పుట్టింది ఇందుకే. చలి వేసింది కాబట్టి బయట మంట వేసుకోలేదు. బయట ఉండక తప్పదు కాబట్టి మంట వేసుకున్నారు.

కళ్లంలో కుప్పకు కాపలా మా తాతల నాటితో మొదలైన పని కాదు. శ్రీరంగపట్నం పడిపోయిన మరుసటి ఏడు, 1800లో, ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు గవర్నర్ జనరల్ వెల్లెస్లీ పంపగా మైసూరు సీమంతా తిరిగాడు. కోలారు, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం మీదుగా కూడా వెళ్లాడు. ఆయన రాసిన మూడు సంపుటాల పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది. కళ్లంలో రాగి కుప్పను, వడ్ల కుప్పను ఎట్లా పంచేవాళ్లో అందులో రాశాడు. దేవుడి పాలు, ఊరి అధికారుల పాలు, చేతిపనుల వాళ్ల పాలు ముందు తీసేవాళ్లు, ఆ తర్వాతే సర్కారుకు, రైతుకు మధ్య పంపకం. ఆ పంపకం అయ్యేదాకా కుప్ప రైతుది కాదు. అందరి కళ్లూ దాని మీదే ఉండేవి.

చేతిపనుల వాళ్ల పాలునే ఆయం అనేవాళ్లు. విజయనగర కాలం నుంచి ఊరికి పన్నెండుమంది ఆయగార్లు అని లెక్క. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి, తలారి, ఇట్లా. పైరుకు, కుప్పకు కాపలా తలారి, తోటి చేసే పనుల్లో ఒకటి. దానికి వాళ్లకూ కుప్పలో పాలు ఉండేది. తర్వాత మైసూరు రాజ్యంలో భూములు కొలిచి, పన్ను డబ్బు రూపంలో కట్టే పద్ధతి స్థిరపడింది. కుప్ప ఎవరిదో దానికి కాపలా వాళ్లే చూసుకోవాల్సి వచ్చింది. ఉన్నవాడు మనిషిని పెట్టుకున్నాడు. లేనివాడు తనే ఉన్నాడు.

కాచు అనే మాట

తెలుగు అక్షరాలు నేర్చుకునే రోజుల్లో మాకు ఒక మాట దగ్గర చాలా సంతోషం వేసింది. చలి కాచుకుంటాం. పొలం కాస్తాం. చెట్టు కాస్తుంది. నీళ్లు కాస్తాం. అన్నిటికీ ఒకటే మాట. కన్నడలోనూ ఇంచుమించు ఇంతే. కాయు అంటే కాపలా ఉండడం, ఎదురుచూడడం, వేడెక్కడం. కాయి అంటే చెట్టుకు కాసింది. అక్కచెల్లెళ్ల భాషలు కదా, ఒకే బీరువాలో చీరలు.

ఈ అర్థాలన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయా లేదా అనేది భాషాశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి. మా కళ్లంలో మాత్రం అవన్నీ ఒకే చోట కూర్చున్నాయి. చేను కాసింది, దాన్ని కాయడానికి మనిషి కావాలి, ఆ మనిషి చలి కాచుకోవాలి.

మంట వేసే తీరు

మేము చూసినవి ఆఖరి మంటలు, 1990ల నాటివి. అప్పటికి మా నాన్న, చిన్నాన్నలు వంతులవారీగా కళ్లంలో పడుకునేవాళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకున్నది రాస్తాం.

మొదటి నియమం, మంట కళ్లానికి పడమటి పక్కన ఉండాలి. ఆ నెలల్లో గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. మంట పడమట ఉంటే నిప్పురవ్వ వామి మీదికి పోదు, పొలంలోకి పోతుంది. తూర్పున వేసినవాడు సంవత్సరపు తిండికి అగ్గి పెట్టుకున్నట్టే. రెండో నియమం, రాగిగడ్డిని కాల్చకూడదు. అది పశువుల మేత, అదీ సంవత్సరానికి సరిపడా. మంటకు వేరే కట్టె కావాలి.

ఆ కట్టె కూడా ఆ చేన్లోదే. రాగిలో సాళ్ల మధ్య అనప, కంది, ఆముదం వేస్తాం. కందికట్టె, ఆముదం కట్టె గుప్పున అంటుకుంటాయి, అంతే తొందరగా ఆరిపోతాయి. వాటితో మంట మొదలు. దాని మీద ఎండిన మామిడి కొమ్మలు, రెండు పిడకలు. నడుమ చింతమొద్దు. చింతమొద్దును గొడ్డలితో ముక్కలు చేయరు. నిడువుగా ఉన్నదాన్ని ఒక కొన మాత్రం మంటలో పెడతారు. అది కాలేకొద్దీ కాలితో లోపలికి తోస్తారు. ఒక్క మొద్దు రాత్రంతా వస్తుంది. మంట తగ్గి నిప్పులు పడ్డాక అసలు వెచ్చదనం. పొగ ఉండదు, సెగ నిలకడగా ఉంటుంది. అప్పుడు అనపకాయలు, చెనక్కాయలు నిప్పుల అంచున వేసి, పుల్లతో దొర్లించి, నోరు కాలుతుంటే తినేవాళ్లం.

గడియారం పైన ఉండేది. కృత్తికను మావాళ్లు పిల్లలకోడి అంటారు. పుష్యమాసంలో అది నడినెత్తికి వచ్చిందంటే అన్నాల పొద్దు దాటినట్టు. పడమట గుట్ట మీదికి దిగిందంటే నడిరాత్రి ఎప్పుడో అయిపోయినట్టు, తెల్లారడానికి ఇంకో కునుకు మిగిలినట్టు. బడిలో ఖగోళం కన్నడలో చదివాం. ఈ కోడిని మాత్రం తెలుగులోనే చూశాం. పొడుపుకథలు, వంశంలో ఎవరు ఎక్కడినుంచి వచ్చారనే కబుర్లు, ఎవరికి ఎవరు ఎంత బాకీ, అన్నీ తెలుగులోనే. పుస్తకం కన్నడలో, మంట తెలుగులో. మాకు తెలుగు మిగిలింది అంటే ఆ మంట వల్లనే అని ఇప్పటికీ మా నమ్మకం. బహుశా అందుకే ఆ మంట గురించి తప్పు రాయడం మాకు అంత సులువు అయింది. మనకు ఇష్టమైన దాన్ని మనం తట్టి చూడం.

తప్పు ఎక్కడ దొరికింది

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసిన దాన్ని నమ్మకుండా చూడడమే పని. ఇంటి కథ విషయంలో ఆ పని మేము చేయలేదు. పోయిన ఏడు తాత లెక్కల పుస్తకాలు విప్పినప్పుడు తప్పు తనే బయటపడింది.

ఆ పుస్తకాలు చూడడానికి వింతగా ఉంటాయి. లిపి కన్నడ, మాట తెలుగు. మా తరం ముందువాళ్లు చాలామంది అట్లాగే రాసేవాళ్లు. అందులో ప్రతి ఏడూ కార్తీకంలో ఒక పద్దు కనపడింది: కంబళి ఒకటి. ప్రతి ఏడూ ఒకటి. మంచి కంబళి పదేళ్లు వస్తుంది. మా ఇంట్లో తాత కంబళి ఒకటే ఇప్పటికీ పెట్టెలో ఉంది. మరి మిగతావి ఎవరికి?

అవ్వను అడిగాం. "కళ్లం కాపలా వానికిరా" అంది, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు. "తాత కదా కాపలా ఉండింది?" అంటే నవ్వింది. "మీ తాతకి ఉబ్బసం. పొగ పడేది కాదు. రాత్రంతా మంట దగ్గర ఉంటే తెల్లారి ఎవరు లేపాల వాణ్ణి?"

ఉబ్బసం సంగతి మాకు తెలుసు. చలికాలం వస్తే తాత రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు, మేమే చూశాం. కాపలా కథా తెలుసు. రెండూ ఒకే మనిషికి కుదరవని ముప్పై ఏళ్లు మాకు తట్టలేదు.

ఆ కాపలా మనిషి మా ఇంట్లో జీతగాడు. పెళ్లికి తీసుకున్న అప్పు కింద పనికి కుదిరాడు. అప్పు తీరేదాకా పని, పని చేస్తుంటే తిండి, ఏడాదికి కొంత రాగి, ఒక కంబళి, ఒక జత చెప్పులు. పుస్తకంలో అప్పు ఏడాదికేడాది తగ్గలేదు. పెరిగింది. జబ్బుకు, చావుకు, పండక్కి మళ్లీ మళ్లీ తీసుకున్న చిల్లర అసలులో కలిసింది. ఆయన ఇప్పుడు లేడు. కొడుకు ఉన్నాడు, డెబ్బైకి దగ్గర పడ్డాడు, అదే ఊర్లో. మేము ఆయన్ని మామా అని పిలుస్తాం. మా తాత ఆయన తండ్రిని, తనకంటే వయసులో పెద్దవాణ్ణి, ఒరే అని పిలిచేవాడు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాం.

ఆయన ఇంటికి వెళ్లాం. టీ తాగినాక అడిగాం. ఆయన చెప్పింది చెప్పినట్టే ఇస్తున్నాం.

"మీ తాత అన్నం తిని వచ్చేవాడు. పదికి పోయేవాడు. నాయన తెల్లారేదాకా. నేను నాయన పక్కన గోతంలో దూరి పండుకునేవాణ్ణి. మంట ఎవరికోసం అనుకుంటివి నాయనా? మాకోసమా? వామి కోసం. దూరం నించి మంట కనపడాల. కనపడితే మనిషి ఉండాడని లెక్క. దొంగోడికీ తెలుస్తాది, పందికీ తెలుస్తాది. మీ తాతకీ తెలుస్తాది. ఆయప్ప రాత్రి రెండు తూర్లు మిద్దె ఎక్కి చూసేవాడు. మంట ఆరిపోయిందంటే పొద్దున్నే అడుగుతాడు."

అక్కడ మేము కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. మా ఇంటి మిద్దె మీదినుంచి కళ్లం ఉన్న చోటు ఇప్పటికీ సూటిగా కనపడుతుంది. చిన్నప్పుడు ఎన్నోసార్లు అక్కడ నిలబడ్డాం. తాతా కాపలా కాశాడు, అది నిజమే. మంటను కాశాడు. ఆ మనిషి వామిని కాశాడు. రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చునే మాలాంటివాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. తెర మీద పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంటే మనిషి మెలకువగా ఉన్నట్టు. చుక్క పోతే పొద్దున్నే అడుగుతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు మామ. తాత, ఆయన స్నేహితులు పెద్దమంట దగ్గర తూర్పు పక్కన కూర్చునేవాళ్లు, పొగ తగలకుండా. వాళ్లు ఉన్నంతసేపు కాపలా మనిషికి వేరే మంట. పెద్దమంట నుంచి నాలుగు నిప్పులు తీసుకుని పది అడుగుల అవతల, పడమట, పొగ పోయే వైపున వేసుకునేవాడు. నిప్పు అటు పోవచ్చు, అటునుంచి ఇటు రాకూడదు. "పదింటికి మీ తాత లేచి పోతానే నాయన పెద్దమంట దగ్గిరికి జరిగేవాడు. అప్పుడు మాకు బాగుండేది" అన్నాడు. కోపంగా అనలేదు. అనపకాయలు ఎట్లా కాల్చుకున్నారో చెప్పినట్టే చెప్పాడు.

మూడు రాత్రులు

మరి తాత రాత్రంతా కాపలా ఉన్నాడనే కథ ఎక్కడ పుట్టింది? అత్తలు అబద్ధం చెప్పే మనుషులు కాదు. దానికీ మామ దగ్గరే జవాబు దొరికింది.

1975 అక్టోబరు 25న వెట్టిచాకిరిని రద్దు చేస్తూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. 1976లో అది చట్టం అయింది. అప్పు కింద మనిషిని పనికి కట్టిపడేయడం నేరం, ఆ అప్పులన్నీ చెల్లిపోయినట్టే అని ఆ చట్టం అంటుంది. కాగితం మీది చట్టం అన్ని ఊర్లకూ ఒకేసారి రాలేదు. మా ఊరికి మాత్రం కబురు తొందరగానే వచ్చింది. ఆ మరుసటి చలికాలం ఆయన పనికి రాలేదు. బెంగళూరులో కట్టడాల పనికి పోయాడు.

ఆ ఏడు కోత అయింది, వామి లేచింది, కాపలాకు మనిషి లేడు. తాత తనే కంబళి కప్పుకుని వెళ్లాడు. మూడు రాత్రులు ఉన్నాడు. నాలుగో రోజు దగ్గు ఎక్కువై మంచం పట్టాడు. అత్తలు అప్పటికి చిన్నపిల్లలు. ఇంట్లో నాన్న లేని మూడు రాత్రులు, తర్వాత నాన్నకు జబ్బు, ఆ భయం వాళ్ల మనసులో నిలిచిపోయింది. ఆ మూడు రాత్రులే చెప్పగా చెప్పగా రెండు నెలలు అయ్యాయి, ప్రతి ఏడూ అయ్యాయి. పుస్తకంలోనూ ఆ ఏడాది నుంచి జీతం అనే మాట కనపడదు. కూలి అని ఉంటుంది. కంబళి పద్దు కూడా అక్కడితో సరి.

మంట ఎట్లా పోయింది

తర్వాత కొన్నేళ్లు కూలి మనిషి, ఆ తర్వాత నాన్న, చిన్నాన్నలు. అప్పటికే కళ్లం పని తగ్గుతూ వచ్చింది. తారురోడ్డు పడ్డాక జనం రాగిని రోడ్డు మీద పరిచేవాళ్లు, బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోయేవి, గుండు మూలపడింది. ఆ తర్వాత మిషన్ వచ్చింది. రెండు నెలల పని ఒక పూట అయింది. సంచులు సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తే కాయడానికి ఏముంది?

రాగి చేలు కూడా తగ్గాయి. నీలగిరి చెట్టు మా సీమకు కొత్త కాదు. టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో, నందికొండ తోటలో నాటారని చెబుతారు. పొలాల్లోకి వచ్చింది మాత్రం 1980లలో, సామాజిక అడవుల పథకాలతో. ఒకసారి నాటితే కూలీలు అక్కరలేదు, పశువు ముట్టదు, కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. పనికి మనుషులు దొరకని మెట్ట రైతుకు అదే దారి అనిపించింది. మా చిన్నాన్న కూడా రెండెకరాలు పెట్టాడు. నేలలో నీళ్లు అడుగంటాక, 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. మేము చూసిన ఆఖరి కళ్లం మంటల్లో చింతమొద్దు కంటే నీలగిరి ఆకే ఎక్కువ. చిటపట పేలి, ముక్కుకు ఘాటు కొట్టి, చప్పున ఆరిపోయేది. నిప్పు నిలిచేది కాదు.

ఇప్పుడు మాకు మిగిలినవి పండగ మంటలు. భోగి తెల్లారుజామున ఒకటి. సంక్రాంతి సాయంత్రం పశువులను మంట మీదుగా దాటించే కిచ్చు ఒకటి, కన్నడ ఇరుగుపొరుగుతో కలిసి. రెండూ మంచివే. అయితే పండగ మంట ఏడాదికి ఒక్కపూట. పని మంట రెండు నెలలు. మాలాగా బయట స్థిరపడ్డ ఇళ్లలో పండగ మంటను ఫోటో తీసి దాచుకుంటాం, పని మంటను మరిచిపోతాం. ఎందుకంటే పండగ మంట దగ్గర అందరం నవ్వుతూ ఉంటాం. పని మంట దగ్గర ఎవరు ఎటు పక్క కూర్చున్నారో చెప్పాల్సి వస్తుంది.

దిద్దుబాటు

ఇది రాస్తున్నామని చెబితే మా పెద్ద మేనత్తకు కోపం వచ్చింది. "పోయిన మనిషిని ఇప్పుడు ఎందుకు దించుతారు?" అంది. తాతను దించాలని మాకు లేదు. ఉబ్బసంతో మూడు రాత్రులు పొగలో కూర్చున్న మనిషి మాకు ఇంకా దగ్గరయ్యాడు. కానీ ఆ మూడు రాత్రులు ఆయనవి అయితే, మిగతా ఏళ్ల రాత్రులన్నీ ఇంకొకరివి. వాటిని మా లెక్కలో వేసుకోవడం బాకీ ఎగ్గొట్టడమే.

ఆ కాపలా మనిషి పేరు ఇక్కడ వేద్దామని అడిగాం. మామ మనవరాలు వద్దంది. బెంగళూరులో నర్సింగ్ చదువుతోంది. "మా ముత్తాత కాపలా కాసినాడని రాయండి. జీతగాడు అనే మాట పక్కన పేరు రాయొద్దండి" అంది. అది వాళ్ల ఇష్టం. పేరు మా ఇంటి వంశవృక్షం ఉన్న పుస్తకంలో రాసుకున్నాం, కళ్లం లెక్కల పేజీలో.

పోయిన భోగికి మామను పిలిచాం. వచ్చాడు. చీకటితోనే వచ్చి, మంట అంటించక ముందే గుప్పెడు దుమ్ము పైకి వదిలి గాలి ఎటో చూశాడు. మంట ఎక్కడ వేయాలో చూపించాడు. కుర్చీ వేస్తే తూర్పు పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. మా పిల్లలు కన్నడలో ఏదో అడిగితే తెలుగులో జవాబు చెప్పాడు. వాళ్లు తెలుగులో మళ్లీ అడిగారు.

హోసూరులోనో, బళ్లారిలోనో, పర్లాకిమిడిలోనో ఉన్న మీ ఇళ్లలోనూ ఇట్లాంటి మంట కథ ఒకటి ఉండే ఉంటుంది. చెప్పేవాళ్లు ఉండగానే అడగండి. మంట ఎవరు వేశారు, కట్టె ఎవరు తెచ్చారు, అందరూ లేచి పోయాక అక్కడ ఎవరు మిగిలారు, ఈ మూడూ అడగండి.

మా పాత మాటను ఇట్లా మార్చుకున్నాం: "మార్గశిరం, పుష్యం రెండు నెలలూ మా కళ్లంలో రాత్రంతా మంట ఉండేది. మా ఇంట్లో అప్పు కింద పనిచేసిన ఒకాయన, పక్కన గోతంలో కొడుకును పడుకోబెట్టుకుని, రాగి వామికి కాపలా కాసేవాడు. మా తాత మిద్దె మీదినుంచి ఆ మంటను చూసేవాడు. ఆయన రాని ఏడాది తాతే వెళ్లి మూడు రాత్రులు కాశాడు."